ధనురారోపణము – ఎక్కుత్రాడు

సంస్కృతాంధ్ర సాహిత్యములను బోధించు కళాశాలలలో ధనుస్సు ప్రసక్తి రాని వారము అరుదు. బాలకాండము చెప్పినను, ద్రౌపదీ స్వయంవరము చెప్పినను, శాకుంతల ప్రథమాంకము చెప్పినను విల్లు ఎదురగును. 'అధిజ్యధన్వుడు' అను పదము వచ్చినప్పుడు అధ్యాపకుడు ఆగి, బహువ్రీహియందు ధనుశ్శబ్దమునకు ధన్వన్నాదేశము కలుగునని, అది పాణినీయమున పంచమాధ్యాయ చతుర్థపాదములోని విషయమని చక్కగా చెప్పును. విద్యార్థి వ్రాసికొనును. అధిజ్యము కాని ధనుస్సు ఎట్లుండును, అది అధిజ్యము ఎట్లగును, అందుకు ఎంత బలము, ఎంత నేర్పు కావలెను అను ప్రశ్న మాత్రము పుట్టదు. పుట్టినను సమాధానము చెప్పగలవారు నేడు మిక్కిలి కొలదిమంది.

విలువిద్యలో ఒకదాని వెంట ఒకటిగా సాగు పనులు నాలుగు. అల్లెత్రాటిని వింటికొప్పులు రెంటికిని తగిలించుట ఆరోపణము. బాణపు పుంఖమును నారికి చేర్చుట సంధానము. నారిని చెవివరకు లాగుట ఆకర్షణము. విడిచిపెట్టుట మోక్షము. తెలుగులో వీనికి వేర్వేరు క్రియలున్నవి: విల్లు ఎక్కుపెట్టుట, అమ్ము తొడుగుట, నారి తిగుచుట, ఏయుట. 'ఎక్కుపెట్టు' అను క్రియకు పాత నిఘంటువుల అర్థము వింటికి నారి తగిలించుట. నేటి వాడుకలో దాని అర్థము గురిపెట్టుట. తుపాకి ఎక్కుపెట్టినాడని వ్రాయుదురు. తుపాకికి నారి లేదు. పత్రికలవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రతిపక్షము విమర్శనాస్త్రములను ఎక్కుపెట్టినదని వ్రాయుచున్నారు. ఎక్కుపెట్టబడునది విల్లు, అస్త్రము సంధింపబడును. భాష మారుట సహజమే. 'ఉండేలు' అనునది మొదట ఉండవిల్లు, అనగా మట్టి ఉండలను విసరు విల్లు. నేడు పిల్లల చేతిలోని రబ్బరు పంగలకఱ్ఱకు ఆ పేరు నిలిచినది. అందుకు ఎవరును వగవనక్కరలేదు. కాని మారిన అర్థమును వెనుకకు తీసికొనిపోయి వాల్మీకి మీదను నన్నయ మీదను రుద్దినప్పుడు చిక్కు వచ్చును. ఆ చిక్కు నేడు తరగతిగదులలో ఉన్నది, గైడు పుస్తకములలో ఉన్నది, పరీక్షలలోని సమాధానములలో ఉన్నది.

శివధనుర్భంగమునే చూడుడు. వాల్మీకి అక్కడ పనులను వరుసగా వేరుచేసి చెప్పినాడు. రాముడు వింటిని నడుమ పట్టుకొన్నాడు, ఎక్కుపెట్టినాడు, ఎక్కుపెట్టిన పిమ్మట నారిని నిండుగా లాగినాడు, అప్పుడు విల్లు నడిమికి విఱిగినది. విఱుగుట ఆకర్షణ కాలమున జరిగినది గాని ఆరోపణ కాలమున కాదు. ఈ భేదము అల్పమైనది కాదు. జనకుని పణము ధనురారోపణము. అది నెరవేరిన తరువాతనే విల్లు విఱిగినది. ఎక్కుపెట్టబోగా విఱిగినదని చెప్పినచో పణము నెరవేరలేదనియే చెప్పినట్లగును! అయినను ఎక్కుపెట్టబోయి విఱిచినాడను వాక్యము ఎన్ని సమాధానపత్రములలో కనబడునో పరీక్షకులకు తెలియును. దీనికి విద్యార్థిని మాత్రమే నిందింపరాదు. నాటకరంగముపైనను, సినిమాలోను, గోడమీది పటములలోను శివుని విల్లు ముందే నారి బిగించి ఉండును. రాముడు వచ్చి దానిని ఎత్తును, అది విఱుగును. ముందే ఎక్కుపెట్టి ఉన్న వింటిని ఎక్కుపెట్టుటకు రాజులందరు ఎందుకు వచ్చినారని ఎవరును అడుగరు.

ద్రౌపదీ స్వయంవర ఘట్టము ఇంకను విశేషమైనది. వ్యాసభారతమున రాజులు కొందఱు ఆ వింటిని ఎక్కుపెట్టలేక, అది ఎదురు విదలించగా నేలబడినట్లు, వారి ఆభరణములు చెదరినట్లు ఉన్నది. దీనిని వ్యాఖ్యానించునప్పుడు రాజుల దౌర్బల్యమునకు, గర్వభంగమునకు కవి వేసిన అతిశయోక్తి అని చెప్పుట పరిపాటి. విల్లు చేతబట్టినవారు అట్లు చెప్పరు. బలమైన వింటిని సగము వంచి, నారి ఉచ్చు కొప్పును చేరకముందే పట్టు సడలినచో వంగిన కొన ఒక్క విసురున తిరిగి వచ్చును. అది దవడకు తగులును, కంటికి తగులును, ముంజేతిని విఱుచును. రాజు నేలబడుట ఇందులో వింత కాదు. వ్యాసుడు ఇక్కడ చెప్పినది అలంకారము కాదు, ఆయుధశాలలో నిత్యము జరుగు ప్రమాదము. ఆ విసురును ఎఱిగినవాడే ఆ మాట వ్రాయగలడు.

శ్లేషకవుల సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. వంశము, గుణము, కోటి, నమ్రత అను నాలుగు మాటలతో ధనుస్సును సజ్జనునితో పోల్చిన ముక్తకములు సంస్కృతమునను తెలుగునను కోకొల్లలు. వంశమనగా వెదురు, కులము. గుణమనగా నారి, సద్గుణము. కోటి యనగా వింటికొన, ధనము. గుణము చేరినందున వంగినది అను చమత్కారమును ఉపాధ్యాయులు ఉత్సాహముతో విప్పి చెప్పుదురు. వస్తుస్థితిలో క్రమము తలక్రిందులు. విల్లు ముందు వంగవలెను. వంగిన తరువాతనే గుణము చేరును. అంతేకాదు, నారి నిలుచు స్థితికంటె కొంచెము అధికముగా వంగినప్పుడే ఉచ్చు కొప్పుమీదికి జారి గాడిలో పడును. ఈ సంగతి తెలిసినవానికి ఆ శ్లేషలో మఱియొక అందము కనబడును. తెలియనివానికి అది నిఘంటుపదముల పేర్పు మాత్రమే.

ఇక ఆరోపణ విధానమునకు ప్రమాణములు ఏమున్నవి? ధనుర్వేదము యజుర్వేదమునకు ఉపవేదమని, విశ్వామిత్రప్రణీతమని, నాలుగు పాదములు గలదని ప్రస్థానభేదమున మధుసూదన సరస్వతి చెప్పినాడు. అగ్నిపురాణమున 249 మొదలు 252 వరకు గల అధ్యాయములు ధనుర్వేద విషయములు. ముద్రణమును బట్టి సంఖ్య ఒకటి అటునిటు కావచ్చును. అక్కడ ఆయుధములలో మొదటి తరగతి యంత్రముక్తములు. విల్లు యంత్రమే యని మన పూర్వులు ఎంచినారన్నమాట. సమపదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము మొదలైన స్థానములను చెప్పిన పిమ్మట, వింటికి గుణము చేర్చు సందర్భమున వైశాఖ జాతస్థానములను పేర్కొని, వింటి క్రింది కొనను భూమిపై నిలుపుమని ఆ పురాణము విధించినది. విధానమునకు ఇది సూటియైన ప్రమాణము.

దీనికి కావ్యసాక్ష్యము రఘువంశమున కలదు. 11వ సర్గమున పరశురాముడిచ్చిన ధనుస్సును రాముడు అందుకొని, దాని ఒక కోటిని నేలపై నుంచి ఎక్కుపెట్టినట్లు కాళిదాసు వర్ణించినాడు. విష్ణ్వవతారమైన రాముడు, వైష్ణవమైన విల్లు, ఎదుట భార్గవుడు. ఇంతటి అలౌకిక ఘట్టమున 'ఒక కొన నేలపై నుంచి' అను లౌకికమైన మాట ఎందుకు? కవికి ఛందస్సు నింపుటకు విశేషణములు కరవా? విల్లు ఎక్కుపెట్టువానిని కాళిదాసు చూచినాడు. చూచినది వ్రాసినాడు. ఈ విశేషణమును సమాసవిగ్రహముతో సరిపెట్టి ముందుకు సాగిపోవుట నేటి పాఠములలో సామాన్యము.

రఘువంశమునకు సంజీవని వ్రాసిన కోలాచల మల్లినాథసూరిది నేటి మెదక్ జిల్లాలోని కొల్చారమని ప్రసిద్ధి. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా వేరుపడుటకు పూర్వము కొల్చారమును, పటాన్‌చెరు సమీపమునందలి కర్దనూరును ఒకే మెదక్ జిల్లాలో ఉండెడివి. మూలము లేని మాట తన వ్యాఖ్యలో చోటుచేసికొనదని ప్రతిజ్ఞ చేసిన పండితుడు ఆయన. ఆ ప్రతిజ్ఞ ఇక్కడ స్మరించుటకు కారణము ముందు తెలియును.

ఇతరదేశముల సాక్ష్యమును త్రోసిపుచ్చనక్కరలేదు. భారతీయుల విల్లు మనిషియంత పొడవుండునని, దాని కొనను నేలకు ఆనించి ఎడమపాదముతో అదిమి లాగుదురని నియార్కస్ చూచి చెప్పినదానిని ఆరియన్ తన గ్రంథమున ఎక్కించినాడు. క్రీ.పూ. 326లో వితస్తాతీరమున పురురాజు సేనకు నేల జారుడగుటచేత విండ్లను నిలుపుకొనుట కష్టమైనదని కర్టియస్ వ్రాసినాడు. నియార్కస్ చూచినది బాణప్రయోగమా, ఆరోపణమా అని సందేహించుటకు చోటున్నది. రెండింటను క్రింది కొన నేలమీదనే ఉండును. హోమరు కావ్యమున 21వ సర్గలో ఒడిస్యూసు వింటిని ఎక్కుపెట్టలేని వరార్థులు దానిని నిప్పుసెగన కాచి, కొవ్వు రాచి మెత్తబరచుటకు యత్నింతురు. స్వయంవరము, విల్లు, ఎక్కుపెట్టలేని రాజులు — మూడును అక్కడ కూడ ఉన్నవి. కెర్చి దగ్గరి కుల్-ఓబా సమాధిలో 1830లో దొరకిన క్రీ.పూ. 4వ శతాబ్దపు లోహపాత్రపై ఒక శకవీరుడు వింటిని తొడక్రిందుగా పోనిచ్చి, రెండవ కాలికి ఆనించి వంచుచున్నట్లు చెక్కినారు. 14వ శతాబ్దమున మమ్లూకుల రాజ్యమున తైబుగా రచించిన విలువిద్యాగ్రంథము 1970లో ఆంగ్లమున వెలువడినది. అందు ఆరోపణ విధానములకే ఒక ప్రకరణమున్నది. ప్రపంచమున విల్లు ఉన్న ప్రతిచోట ఆరోపణము వేరుగా నేర్పవలసిన విద్యగానే ఉండినదనుటకు ఇవి చాలును.

ఈ విధానములన్నింటిలోను రెండు దోషములున్నవి. కొనను నేలకు ఆనించినచో ఆ కొన నలుగును, రాతిమీద పడిన కొప్పు చిట్లును. తొడక్రిందుగా పోనిచ్చి వంచినచో వింటి పై సగము ఒక ప్రక్కకు మెలిపడును. వెదురు విల్లు ఈ మెలిని కొంత ఓర్చుకొనును. గోదావరి మన్యమున కోయలు, కొండరెడ్లు తరతరములుగా వాడుచు వచ్చిన వెదురు విండ్లను మోకాటికి ఆనించి వంచుట వారికి చిన్ననాటనే అలవడిన పని. కౌటిల్యుడు ఆయుధాగార ప్రకరణమున తాడి, వెదురు, కఱ్ఱ, కొమ్ము అను నాలుగు విధముల విండ్లను, మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, స్నాయువు అను ఆఱు విధముల నారులను చెప్పినాడు. వీనిలో శార్ఙ్గము, అనగా కొమ్మును నరములను కఱ్ఱకు అతికించి చేసినది, అన్నింటికంటె మొండిది. నారి తీసినప్పుడు అది ఎదురు దిక్కునకు వంకర తిరిగి ఉండును. ఎఱుగనివాడు ఆ వంకరనే సహజమైన వంపని తలచి, తలక్రిందుగా నారి కట్టబోయి విల్లు విఱుచును.

ఈ రెండు దోషములను తొలగించుటకు నేటి విలుకాండ్రు వాడు సాధనము ఒక త్రాడు. చూచుటకు అల్పమైనది. దానికి ఒక చివర తోలుసంచి, రెండవ చివర రబ్బరు పట్టు. కర్దనూర్ వంటి గ్రామమున, పటాన్‌చెరు పారిశ్రామికవాడల ప్రక్కన, దీనికి కావలసిన సామగ్రికి దూరము పోనక్కరలేదు. లారీల టార్పాలినుకు కట్టు పాలియెస్టరు త్రాడు, చిటికెనవ్రేలిలో సగము లావుది, ఒక నిలువున్నర పొడవు తీసికొనవలెను. నైలాను త్రాడు సాగును. సాగు త్రాటితో వంచినచో విల్లెంత వంగినది, త్రాడెంత సాగినది తెలియదు. చెప్పులు కుట్టువానిచేత దళసరి తోలుతో నాలుగంగుళముల సంచి ఒకటి కుట్టించవలెను. అది వింటి క్రింది కొనకు టోపీవలె తొడుగుకొని, అక్కడనే ఉన్న నారి ఉచ్చును కూడ కప్పునట్లు ఉండవలెను. రెండవ చివరకు పంక్చరు దుకాణములో పారవేసిన ట్యూబు ముక్కను రెండు మడతలు వేసి, త్రాడు దానిని చుట్టుకొనునట్లు కుట్టవలెను. రబ్బరు వింటిమీద జారదు. ఈ సాధనమున ప్రాణమంతయు అందులోనే ఉన్నది. సంచి కొనను పట్టినప్పుడు త్రాటి పొడవు మొత్తము వింటి పొడవుకంటె జానెడు అధికముగా ఉండునట్లు ముడి వేసి, వాడి చూచి సరిచేసికొనవలెను.

వాడు విధానము ఇది. నారి ఒక ఉచ్చును క్రిందికొప్పు గాడిలో ఉంచి, రెండవ ఉచ్చును పైకొనమీదుగా దించి వింటి పై సగముమీద వదులుగా ఉండనీయవలెను. క్రిందికొనకు తోలుసంచి తొడుగవలెను. పై ఉచ్చునకు దిగువగా, కొప్పునకు జానెడు లోపల, రబ్బరు పట్టును ఉంచవలెను. వింటిని అడ్డముగా, నారి వైపు నేలను చూచునట్లు పట్టుకొని, వ్రేలాడు త్రాటిమీద పాదము మోపవలెను. రెండు పాదములు మోపినచో ఇంకను మేలు. లస్తకమున, అనగా పిడికిటిచోట, ఒక చేత పట్టి వింటిని నిట్టనిలువుగా పైకెత్తవలెను. వంచునది చేయి కాదు, నడుము మోకాళ్ల బలము. రెండు సగములు సమముగా వంగును, మెలి ఉండదు, ఏ కొనయు నేలకు తగులదు. రెండవ చేత పై ఉచ్చును జార్చి గాడిలో వేయవలెను. వేసిన వెంటనే వదలరాదు. రెండు కొప్పులలోను ఉచ్చు నిండుగా కూర్చున్నదో లేదో చూచి, నెమ్మదిగా దించి, అప్పుడు త్రాడు తీయవలెను. ఈ సేపంతయు ముఖము ఏ కొనకును ఎదురుగా ఉండరాదు. ఇది ఒక్కటి మరచినవానికి ద్రుపదుని సభలోని రాజుల గతి పట్టును.

ఎక్కుపెట్టిన వింటికి నారికిని లస్తకమునకును నడుమ ఎడము ఎంత ఉండవలెనో విల్లు జాతిని బట్టి ఉండును. పొడవైన కఱ్ఱవింటికి పిడికిలి పట్టి బొటనవ్రేలు చాచినంత ఎడము చాలును. అంతకు తగ్గినచో నారిని మెలిపెట్టి కుఱుచ చేయుదురు.

అమరసింహుడు క్షత్రియవర్గమున వింటి కొనకు అటని యని, నడిమికి లస్తకమని, నారికి మౌర్వి, జ్య, శింజిని, గుణము అని, నారి దెబ్బ తగులకుండ ముంజేతికి కట్టు తోలునకు గోధ, తలము అని పేళ్లు చెప్పినాడు. ఎక్కుపెట్టు త్రాటికి పేరు చెప్పలేదు. ఉన్నచో చెప్పకుండునా? ముంజేతి తోలును విడువనివాడు దీనిని విడుచునా? ఆ కాలమున ఈ సాధనము విలుకాండ్ర వాడుకలో లేదని, కనీసము కోశకారుని చెవికి సోకునంతగా లేదని దీనివలన ఊహింపవచ్చును. అగ్నిపురాణముగాని కాళిదాసుగాని నేలను, శరీరమును చెప్పినారే తప్ప త్రాటిని చెప్పలేదు.

మల్లినాథుని స్మరించుటకు కారణము ఇదియే. ఈ మధ్య కాలమున ప్రతి క్రొత్త వస్తువునకు ఒక ప్రాచీన సంస్కృతనామము కల్పించి, అది ధనుర్వేదమున ముందే ఉన్నదని చెప్పు వేడుక ప్రబలినది. కర్దనూరుకు దాపుననే, అదే పటాన్‌చెరు మండలమున, భానూరులో భారత్ డైనమిక్స్ కర్మాగారమున ట్యాంకులను భేదించు క్షిపణులు తయారగుచున్నవి. దేశమున తయారైన క్షిపణులకు అగ్ని, ఆకాశ్, త్రిశూల్, అస్త్ర అని పేళ్లు పెట్టినారు. పేరు పెట్టుట గౌరవసూచకము. దానిలో దోషము లేదు. యంత్రముక్తమను పదము వానికి అర్థముచేత కూడ సరిపోవును. కాని పేరు పెట్టినందువలన వస్తువు పురాణకాలమునాటిది కాజాలదు. ఎక్కుపెట్టు త్రాటిని 'జ్యారోపణీ' అని పిలిచి, పదేండ్ల తరువాత ఆ పదమును చూపి 'ప్రాచీనులకు ఇది తెలియును' అని వాదించుటకు ఎవరో ఒకరు సిద్ధమగుదురు. ఆ ద్వారము తెరువకుండుటయే మేలు.

తెలుగున 'ఎక్కుత్రాడు' అనిన సరిపోవును. మాట పలుకుటకు తేలిక. 'ఎక్కుపెట్టు' క్రియకు మొదటి అర్థమును అది తిరిగి ఇచ్చును. తుపాకి ఎక్కుపెట్టుటయందు లేని త్రాడు ఇందున్నది. 'ధనురారోపక సాధనము' వంటి పదములు పరీక్షాపత్రములో బాగుండునేమో గాని చెప్పులు కుట్టువానితో పని చెప్పించుకొనుటకు పనికిరావు. పారిభాషిక పదమునకు ఉండవలసిన మొదటి గుణము వస్తువును చేయువానికి అర్థమగుట.

ఇంత చెప్పుట ఒక ప్రార్థన కొఱకు. ప్రాచ్యకళాశాలలలో ఒక్కొక్క విల్లు, ఒక్కొక్క ఎక్కుత్రాడు ఉండవలెను. దీనికి రెండు ఆక్షేపములు రాగలవు. మొదటిది, కావ్యము రసమునకు గాని ఆయుధవిద్యకు కాదు అనునది. నిజమే. కాని రసమునకు ముందు వాచ్యార్థము నిలువవలెను. వాచ్యార్థమే తెలియక వ్యంగ్యమునకు పోవుట ఏ ఆలంకారికుడును ఒప్పుకొనడు. వైద్యశాస్త్రమున ఓషధిని చూపక శ్లోకము మాత్రము వల్లింపజేయు గురువును హర్షింపనివారు, ధనుస్సు విషయమున మాత్రము ఎందుకు తృప్తి చెందవలెను? రెండవ ఆక్షేపము, పాఠశాల పద్ధతిలో చదివిన పెద్దలెవరు విల్లు పట్టినారు, వారికి కాళిదాసు తెలియదా అనునది. ఇది కొంత బరువైన ఆక్షేపమే. పూర్వపు పల్లెలో పండితుడు విల్లు పట్టకపోయినను విల్లును చూచెడివాడు. దూదేకులవాడు వీధిలో వింటితో దూది ఏకుచుండగా నారి మ్రోత వినెడివాడు. శింజిని అను పేరు ఎందుకు వచ్చినదో ఆ మ్రోత చెప్పెడిది. మన్యమునుండి వచ్చినవారి భుజమున విల్లు చూచెడివాడు. నేటి విద్యార్థికి, అందులో కర్మాగారముల నడుమ పెరిగిన పటాన్‌చెరు ప్రాంతపు విద్యార్థికి, ఆ చూపు లేదు. పెద్దలకు అయాచితముగా లభించినదానిని నేడు ఏర్పాటు చేసి చూపవలసి ఉన్నది.

విల్లు తెలుగునాట అంతరించిన వస్తువు కాదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ నగరమునకే చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకిత భకత్‌తో కలిసి మిశ్రమజట్టు పోటీలో 4వ స్థానమును పొందినాడు. వీరిద్దరి విండ్లకు భేదమున్నది, అది ఈ విచారమునకు సంబంధించినదే. సురేఖ వాడు కాంపౌండ్ వింటికి కప్పీలు, తీగలు ఉండును. దానికి నారి మార్చవలెనన్న ప్రత్యేక యంత్రమున బిగించి వంచవలెను, ప్రతిదినము ఎక్కుపెట్టి దించు పని లేదు. ధీరజ్ వాడు రికర్వ్ వింటికి ఆరోపణము అవశ్యము. దానికి ఎక్కుత్రాడే శరణ్యము. వాల్మీకి, వ్యాస, కాళిదాసుల వింటికి చుట్టము ఈ రెండవదే.

పెద్ద వ్యయము కూడ లేదు. బలమైన విల్లు అక్కరలేదు; వంగుట, ఎదురు తన్నుట చేతికి తెలిసినచో చాలును. బాణములతో పనియే లేదు. నారి ఎక్కించి బాణము లేకుండ లాగి విడుచుట మాత్రము ఎవరిచేతను చేయింపరాదు. ఆ బలము పోవుటకు దారి లేక విల్లే చీలును. రఘువంశ 11వ సర్గ పాఠమునాడు ఒక విద్యార్థిచేత మొదట ఒక కొన నేలకు ఆనించి వంచజేసి, తరువాత ఎక్కుత్రాటితో వంచజేసినచో, కవి వేసిన ఆ ఒక్క విశేషణము ఏమి చెప్పుచున్నదో వ్యాఖ్యానము లేకయే తెలియును.

శాకుంతల ద్వితీయాంకమున దుష్యంతుడు వేట మానిపించి, మృగములతోపాటు తన వింటికి కూడ నారికట్టు సడలించి విశ్రాంతి కల్పింతునని చెప్పును. ప్రథమాంకమున అధిజ్యమైన విల్లు అది. దీనిని రాజు మనోవికారమునకు సూచనగా చెప్పుదురు, కావచ్చును. దానికి ముందు అది విలుకాని నిత్యకృత్యము. ఎప్పుడును ఎక్కుపెట్టియే ఉంచిన కఱ్ఱవిల్లు వంపునకు అలవాటుపడి బలము కోల్పోవును. కళాశాల వింటికిని ఇదే నియమము. పాఠము ముగియగానే అదే ఎక్కుత్రాటితో మరల వంచి, పై ఉచ్చును గాడినుండి తప్పించి, నెమ్మదిగా దించవలెను. నారిని క్రిందికొప్పుననే ఉండనిచ్చి, వింటిని మూలకు నిలువుగా ఆనింపక, ఎండయు చెమ్మయు తగులని గోడకు రెండు మేకులపై అడ్డముగా ఉంచి, ఎక్కుత్రాటిని దాని ప్రక్కనే తగిలించవలెను.